8,978 రూపాయల సగటు మనిషి

2024 డిసెంబరు ఆఖరి వారంలో కేంద్ర గణాంక శాఖ ఇంటి ఖర్చుల సర్వే ఫలితాలు విడుదల చేసింది. అందులో తెలంగాణ పట్టణవాసి ఎదురుగా ఉన్న అంకె 8,978. నెలకు ఒక మనిషి మీద సగటున అయ్యే ఖర్చు అది. పట్టణ ఖర్చులో పెద్ద రాష్ట్రాలన్నిటికన్నా ఇదే పైన ఉంది. దేశం మొత్తం మీద పట్టణ సగటు 6,996, పల్లె సగటు 4,122. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182, పల్లెల్లో 5,327. తెలంగాణ పల్లెల్లో 5,435.

సికింద్రాబాద్‌లోని కార్ఖానా ప్రాంతంలో ఈ అంకెను రెండు గుమ్మాల దగ్గర చదివితే రెండు అర్థాలు వస్తాయి. విక్రంపురిలో ఫ్లాటు అద్దెకు తీసుకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఇంటాయనకు నవ్వొస్తుంది. నలుగురికి కలిపి 35,912 రూపాయలు! అద్దె, స్కూలు ఫీజులు కట్టేసరికే అందులో ముప్పాతిక ఖాళీ. కాకాగూడ సందులో ఒక్క గది పోర్షన్‌లో ఆరుగురు కాపురముంటున్న ఇంట్లో మాత్రం అదే అంకె కోపం తెప్పిస్తుంది. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది, అంటే నెలకు యాభై వేలు దాటాలి. అంత డబ్బు ఎవరింట్లో ఖర్చవుతోంది?

అంకె తప్పు కాదు. ఇద్దరూ అడిగింది సరైన ప్రశ్నే. దేశపు ఖర్చు లెక్కను చదవడం నేర్చుకోవడమంటే ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకోవడమే. ఆ సగటు ఎవరిది, పెరిగింది సరుకా ధరా, ఆ సొమ్ము ఎక్కడినుంచి వచ్చింది? ఈ మూడూ అడగనంతవరకు జాతీయ అంకె పేపర్లో చదివి పక్కన పడేసే వార్తగానే మిగులుతుంది. అడిగితే సొంత ఇంటి లెక్కకు పనికొస్తుంది.

ముందు ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో చూద్దాం. దేశంలో ఏడాది పొడవునా ఉత్పత్తయిన సరుకుల, సేవల విలువను ఖర్చు వైపు నుంచి కూడా కొలుస్తారు. ఇళ్లలో జనం పెట్టే ఖర్చు, ప్రభుత్వం రోజువారీ పాలనకు పెట్టే ఖర్చు, రోడ్లు, ఫ్యాక్టరీలు, ఇళ్ల మీద పెట్టే పెట్టుబడి, వీటికి ఎగుమతులు కలిపి దిగుమతులు తీసేస్తే జీడీపీ వస్తుంది. వీటిలో సింహభాగం ఇళ్లదే, దాదాపు 60 శాతం. కార్ఖానా మెయిన్ రోడ్డు మీద నిలబడితే ఈ పద్దులన్నీ కళ్లముందే ఉంటాయి. బిర్యానీ పార్సిల్, సూపర్ మార్కెట్ సంచి, పక్క సందులో ట్యూషన్ ఫీజు ఇళ్ల ఖర్చు. కంటోన్మెంటు బోర్డు ఉద్యోగుల జీతాలు ప్రభుత్వ ఖర్చు. ప్యారడైజ్ నుంచి ఇదే రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేట వరకు వేయాలని 2024 మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేసిన ఎలివేటెడ్ కారిడార్, 18 కిలోమీటర్లకు 2,232 కోట్ల అంచనాతో, పెట్టుబడి పద్దులోకి వస్తుంది. ఇళ్ల ఖర్చు మందగించిందని టీవీలో చర్చ మొదలైతే కంపెనీలూ రిజర్వు బ్యాంకూ చెవులు నిక్కబొడుచుకునేది ఈ 60 శాతం వల్లే.

ఇంటి ఖర్చు సర్వే మన దేశానికి కొత్త కాదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైన నాటినుంచి ఈ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. అంతకంటే ముందే, నిజాం పాలనలోనే ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాదు రాజ్యపు పల్లెల్లో ఆర్థిక పరిశీలనలు జరిపారు.

తాజా సర్వేకు 2023 ఆగస్టు నుంచి 2024 జులై దాకా దేశంలో 2,61,953 ఇళ్లకు వెళ్లారు. ఎవరింటికి వెళ్లాలో ఎలా తేల్చారన్నది ఆసక్తికరం. పట్టణాల్లో ఇళ్ల జాబితా రాసుకునేటప్పుడే కారు సంగతి అడుగుతారు. పది లక్షల పైన ఖరీదు చేసే కారున్న ఇళ్లు ఒక వరస, అంతకు తక్కువ కారున్నవి ఇంకో వరస, కారు లేనివి మూడో వరస. ప్రతి వరస నుంచీ కొన్ని ఇళ్లు తీస్తారు. ఉల్లిపాయల లెక్కకన్నా కారు లెక్క ముందన్నమాట. డబ్బున్నవాళ్లు నమూనాలోంచి జారిపోకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఎంపికైన ఇంటికి ట్యాబ్ పట్టుకుని సర్వేవాళ్లు మూడు నెలల్లో మూడుసార్లు వస్తారు. ఒకసారి తిండి, ఒకసారి ఫీజులు, కరెంటు, మందులు, రీఛార్జుల వంటివి, మరోసారి బట్టలు, చెప్పులు, ఫ్రిజ్జు, బండి లాంటివి. అన్నీ ఒకేసారి అడిగితే మూడో గంటకు ఇల్లాలు విసుగెత్తి ఏదో ఒక అంకె చెప్పేస్తుందని పాత సర్వేలు నేర్పిన పాఠం. ఎన్నాళ్ల ఖర్చు అడగాలన్నదీ వస్తువును బట్టే ఉంటుంది. కూరగాయలు, గుడ్లు, చేపలు, మాంసం, నూనె గడిచిన ఏడు రోజులవి. బియ్యం, పప్పులు ముప్పై రోజులవి. బట్టలు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, సామాన్లు 365 రోజులవి. దసరాకు కొన్న చీర వేసవిలో అడిగినా గుర్తుంటుంది. పోయిన నెల మూడో తారీఖున ఎన్ని టమాటాలు కొన్నారో ఎవరికీ గుర్తుండదు.

కంటోన్మెంటు పక్కన కాపురముండేవాళ్లకు ఇంకో సంగతి ఆసక్తిగా ఉంటుంది. సైనిక బ్యారక్‌లు ఈ సర్వే పరిధిలోకి రావు. కానీ ఆ చుట్టుపక్కల ఉండే మామూలు జనం, సైనికుల ఫ్యామిలీ క్వార్టర్లు వస్తాయి. మెస్సులో తినే జవాను లెక్కలో లేడు. క్వార్టర్‌లో వంట చేసుకునే జవాను కుటుంబం ఉంది. ఇల్లూ వాకిలీ లేక తిరిగేవాళ్లను లెక్కలోకి తీసుకోరు. ఫ్లైఓవరు కిందే రోజూ పడుకునే కుటుంబం మాత్రం జాబితాకెక్కుతుంది. జూబ్లీ బస్ స్టేషన్ పరిసరాల్లో తెల్లవారుజామున నడిచే ఎవరికైనా ఈ తేడా ఎంత సన్ననిదో అర్థమవుతుంది.

ఇక సగటు దగ్గరికి వద్దాం. దేశ పట్టణాల్లో 6,996 రూపాయల సగటు వెనక రెండు కొసలున్నాయి. అట్టడుగు 5 శాతం జనం నెలకు తలకు 2,376 ఖర్చు పెడుతున్నారు. పైన ఉన్న 5 శాతం 20,310. ఎనిమిదిన్నర రెట్లు. సగటంటే ఈ ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి వడ్డించినట్టు చెప్పే లెక్క. కాబట్టి ‘మా ఖర్చు రాష్ట్ర సగటుకన్నా ఎక్కువ, జాగ్రత్తపడాలి’ అని ఉలిక్కిపడటం, ‘సగటుకన్నా తక్కువే, ఇంకొంచెం పెట్టొచ్చు’ అని ధీమాపడటం రెండూ దండగ. పోల్చుకునే ముందు, పోల్చేది ఒకే రకం లెక్కేనా అని చూసుకోవాలి. సాధారణంగా కాదు.

ఉదాహరణకు ఒకే అపార్ట్‌మెంటులో ఎదురెదురు ఫ్లాట్లలో నలుగురేసి ఉన్న రెండు కుటుంబాలను ఊహించుకోండి. ఒకరు 16,000 అద్దె కడుతున్నారు. ఇంకొకరిది సొంత ఫ్లాటు, బ్యాంకుకు నెలకు 30,000 ఈఎంఐ. సర్వే లెక్కలో మొదటి ఇంటికి అద్దె రూపంలో తలకు 4,000 పడుతుంది. రెండో ఇంటికి సున్నా. ఇల్లు కొనడం, దాని అప్పు తీర్చడం వినియోగ ఖర్చు కిందికి రావు. సొంతింట్లో ఉన్నవాళ్లు తమకు తాము కట్టుకున్నట్టు భావించే అద్దెను జీడీపీ లెక్కలో కలుపుతారు గానీ ఈ సర్వే సగటులో కలపరు. నెలాఖరుకు ఎవరి జేబు ఎక్కువ ఖాళీ అవుతుందో తెలిసిందే. సర్వే దృష్టిలో మాత్రం ఖర్చుదారు అద్దె ఇంటాయనే.

అందుకే సొంత తలసరి ఖర్చు కట్టేటప్పుడు ఈఎంఐలు, చిట్టీలు, పొదుపు, స్థలం వాయిదాలు పక్కన పెట్టాలి. ఏడాదికోసారి వచ్చే స్కూలు ఫీజు, పండగ బట్టలు, కొన్న వాషింగ్ మెషిన్ వంటివి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపాలి. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. జూన్‌లో ఫీజు కట్టి విలవిల్లాడతారు, జులైలో ఊపిరి పీల్చుకుంటారు. ఫీజు మాత్రం నెలనెలా అయ్యే ఖర్చే, కట్టేది ఒకసారి కావడంతో కళ్లకు కనబడదు.

రెండో ప్రశ్న ఇంకా కీలకం. ఖర్చు పెరిగిందంటే ఎక్కువ కొన్నారనా, ఎక్కువ పోసి కొన్నారనా? 2023 జులై, ఆగస్టుల్లో టమాటా ఏం చేసిందో తెలుగిళ్లు మర్చిపోలేదు. మదనపల్లె మార్కెట్లోనే కిలో ధర 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకునే కార్ఖానా కూరగాయల బండ్లవాళ్లు కిలో తూకం మానేసి పావుకిలో లెక్కన అమ్మిన రోజులవి. కిలో 25 ఉన్నప్పుడు వారానికి రెండు కిలోలు కొనే ఇల్లు 50 ఖర్చుపెట్టేది. 150 అయ్యాక అరకిలోతో సరిపెట్టుకుని 75 ఇచ్చింది. ఖర్చు ఒకటిన్నర రెట్లయింది. కూరలో పడింది పావు వంతు. ఖర్చు అంకెను మాత్రమే చూసేవాడికి ఆ ఇల్లు బాగుపడినట్టు కనబడుతుంది.

గణాంక శాఖకు ఈ సంగతి తెలుసు కనుకే స్థిర ధరల్లో ఇంకో అంకె ఇస్తుంది. 2011-12లో పట్టణ తలసరి ఖర్చు 2,630. 2022-23కి 6,459. చూడ్డానికి రెండున్నర రెట్లు. ధరల పెరుగుదలను తీసేసి 2011-12 ధరల్లోనే కొలిస్తే రెండో అంకె 3,510 అవుతుంది. పెరిగింది మూడో వంతు, అదీ పదకొండేళ్లలో. పల్లెల్లో 1,430 నుంచి 2,008, అంటే 40 శాతం. రెండున్నర రెట్లన్న మాటే ప్రచారానికి పనికొస్తుంది. ఇంట్లో కంచం నిండిందా లేదా చెప్పేది మాత్రం మూడో వంతన్న మాట.

మధ్యలో ఒక సర్వే గల్లంతైంది కూడా. 2017-18లో సమాచారం సేకరించి, నాణ్యత సరిగా లేదన్న కారణంతో 2019 నవంబరులో ప్రభుత్వం ఆ ఫలితాలను పక్కనపెట్టింది. బయటికి పొక్కిన నివేదికలో తలసరి ఖర్చు తగ్గినట్టు ఉండటంతో పెద్ద దుమారమే రేగింది. కారణం ఏదైనా, నష్టం అందరికీ జరిగింది. కొత్త సర్వే లేకపోవడంతో ధరల సూచీ ఏళ్ల తరబడి 2011-12 నాటి కొనుగోలు అలవాట్లనే మోసుకుంటూ నడిచింది. ఇంటింటా స్మార్ట్‌ఫోన్ వచ్చాక కూడా సూచీ బుట్టలో డీవీడీ ప్లేయర్ కూర్చుని ఉంది. 2024ను ఆధార సంవత్సరంగా తీసుకున్న కొత్త సూచీకి 2023-24 సర్వే తూకాలనే వాడటం అందుకే మంచి పరిణామం.

ధరను, సరుకును విడదీసే ఈ పని ఇంట్లో కూడా చేయొచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు, పాత నోటుపుస్తకం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఒక ఊహా కుటుంబం తీసుకుందాం. నలుగురు, అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తారు. పోయిన ఏడాది నెల సగటు ఇలా ఉందనుకుందాం. అద్దె 16,000. ఫీజులు, స్కూలు ఆటో 11,000. కిరాణా, కూరలు, పాలు, చికెన్ అన్నీ కలిపి 15,500. పెట్రోలు 4,500. కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,500. మందులు 2,500. బట్టలు, ఫంక్షన్లు 3,000. మొత్తం 56,000.

ఈ ఏడాది అవే వస్తువులు, అంతే మోతాదులో కొంటే ఎంతవుతుంది? ఓనరు అయిదు శాతం పెంచాడు, అద్దె 16,800. ఫీజులు పది శాతం పెరిగి 12,100. తిండి సరుకులు రెండు శాతం పెరిగి 15,810. పెట్రోలు, కరెంటు పద్దులు కదల్లేదు. మందులు 2,700. బట్టలు, ఫంక్షన్లు 3,120. కూడితే 58,530. దాన్ని 56,000తో భాగించి నూటితో గుణిస్తే 104.5. ఆ ఇంటి సొంత ధరల సూచీ అది. టీవీలో దేశ ద్రవ్యోల్బణం రెండో మూడో శాతమని చెప్పినా ఈ ఇంటికి నాలుగున్నర, ఎందుకంటే ఈ ఇంటి ఖర్చులో సగం అద్దె, ఫీజులే. ఎంత చెట్టుకు అంత గాలి.

ఇప్పుడు అసలు ఖర్చు చూడాలి. ఈ ఏడాది నిజంగా నెలకు సగటున 63,000 అయిందనుకుందాం. నిరుటితో పోలిస్తే 12.5 శాతం ఎక్కువ. ధరల వల్ల పెరగాల్సింది 58,530 దాకానే. మిగతా 4,470 ధరల పాపం కాదు. ఎక్కువ కొన్నారు, లేదా ఖరీదైన రకానికి మారారు. పదిసార్లు ఆర్డరిచ్చిన బిర్యానీయో, పెద్ద ఫోన్ ప్లానో, పాపకు కొత్తగా పెట్టించిన డ్యాన్సు క్లాసో కావచ్చు. డ్యాన్సు క్లాసు తప్పేమీ కాదు. కానీ ‘ధరలు మండిపోతున్నాయి’ అని ఇంటిల్లిపాదీ అనుకుంటూ ఉంటే ఆ 4,470 గురించి ఎవరూ మాట్లాడరు. భార్యాభర్తల మధ్య నెలాఖరు గొడవల్లో సగం ఈ రెండు అంకెలూ విడదీయకపోవడం వల్లే వస్తాయి. ఒకరు ధర గురించి, ఇంకొకరు మోతాదు గురించి వాదిస్తుంటారు.

పింఛనుదారులకు ఈ లెక్క మరీ అవసరం. కార్ఖానా, తిరుమలగిరి, బోయిన్‌పల్లి ప్రాంతాల్లో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. కేంద్ర పింఛన్లకు ఆరు నెలలకోసారి కలిపే కరువు భత్యాన్ని లేబర్ బ్యూరో వేసే పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ బట్టి నిర్ణయిస్తారు. 2025 జనవరి నుంచి 55 శాతం, జులై నుంచి 58 శాతం. 30,000 మూల పింఛనున్న ఇంట్లోకి ఆ మూడు శాతంతో 900 అదనంగా వస్తుంది. కానీ ఆ సూచీ బుట్ట ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనిచేసే కుటుంబాలది. డెబ్బై ఏళ్ల దంపతుల బుట్టలో స్కూలు ఫీజు ఉండదు, పనిమనిషి జీతం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఫిజియోథెరపీ ఉంటాయి. మిలటరీ క్యాంటీన్ కార్డుంటే సబ్బులు, నూనెల ధర వేరు. 900 సరిపోయిందో లేదో దేశ సూచీ చెప్పలేదు, ఇంటి సూచీయే చెప్పాలి.

తిండి వాటా ఇంకో పనికొచ్చే కొలబద్ద. 1857లో జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ కార్మిక కుటుంబాల పద్దులు పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని తేల్చాడు. మన పల్లెల్లో 1999-2000లో 59 శాతం పైన ఉన్న తిండి వాటా 2011-12కి 53కి, 2023-24కి 47కి దిగింది. పట్టణాల్లో ఇప్పుడు 40కి కొంచెం తక్కువ. తిండి లోపలే బోలెడు మార్పు జరిగింది. పట్టణ ఖర్చులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 4 శాతంలోపు. హోటల్ తిండి, ప్యాకెట్లు, టీ కాఫీలు, కూల్‌డ్రింకుల వాటా 11 శాతం పైన. అన్నం కన్నా చిరుతిండికి దాదాపు మూడింతలు పెడుతున్న పట్టణాలివి! పొద్దుపోయాక కార్ఖానా రోడ్డు మీద టిఫిన్ బండ్ల దగ్గర జనాన్ని చూస్తే నమ్మడం కష్టం కాదు. ఇంట్లో తిండి వాటా 40 దాటితే కంగారు పడక్కర్లేదు గానీ, అందులో బయటి తిండి ఎంతో విడిగా రాసుకోవడం మంచిది. కిరాణా బిల్లు తగ్గిందని సంబరపడే చాలామంది ఇళ్లలో ఆ డబ్బు డెలివరీ యాప్‌లోకి వెళ్లి ఉంటుంది.

ఖర్చు తగ్గడం ఎప్పుడూ చెడ్డ వార్త కూడా కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. సర్వే జరుగుతున్న ఏడాది మధ్యలోనే. కార్ఖానా నుంచి కోఠికి రోజూ పనికి వెళ్లే ఆవిడ చేతిలో అప్పటిదాకా టికెట్, ఆ తర్వాత జీరో టికెట్. ఆమె ప్రయాణం మారలేదు, ఖర్చు పోయింది. ఉచితంగా అందిన బియ్యం, సైకిళ్లు, యూనిఫాంల వంటి వస్తువులకు విలువ కట్టి సర్వే ఇంకో అంకె ఇస్తుంది. అలా కలిపితే దేశ పట్టణ సగటు 6,996 నుంచి 7,078కి, పల్లె సగటు 4,122 నుంచి 4,247కి పెరుగుతుంది. ప్రభుత్వ బడి, ప్రభుత్వాసుపత్రి సేవల విలువ అందులోనూ లేదు. గాంధీ ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ అయిన మనిషికి ఆ నెల వైద్య ఖర్చు దాదాపు సున్నా. కార్పొరేట్ ఆసుపత్రిలో అదే ఆపరేషన్‌కు మూడు లక్షలు కట్టి అప్పులపాలైన కుటుంబం లెక్కల్లో బాగా ఖర్చుపెట్టిన కుటుంబం.

మూడో ప్రశ్న అక్కడే పుడుతుంది. సొమ్ము ఎక్కడిది? ఖర్చు అంకెకు జీతమూ అప్పూ ఒకటే. తెలుగు రాష్ట్రాల తలసరి ఖర్చు దేశ సగటును మించి ఉండటం గర్వంగా చెప్పుకునే ముందు, పక్కనే ఇంకో సర్వే పెట్టుకుని చూడాలి. 2019 లెక్కల్లో వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశ సగటు 50 శాతమే. దేశం మొత్తం మీద పొదుపు లెక్కదీ ఇదే బాట. కుటుంబాల నికర ఆర్థిక పొదుపు కరోనా ఏడాది 2020-21లో జీడీపీలో 11 శాతం దాటింది, 2022-23 వచ్చేసరికి 5 శాతం దగ్గరికి పడిపోయింది. దశాబ్దాల కనిష్ఠం. అప్పుచేసి పప్పుకూడు తిన్నా జీడీపీ పెరుగుతుంది. కాబట్టి నోటుపుస్తకంలో మొత్తం ఖర్చు కింద ఇంకో గీత గీసి, ఈ నెల ఖర్చులో ఎంత క్రెడిట్ కార్డు బాకీగా మిగిలిందో, ఎంత చేబదులో రాయాలి. ఆ గీత కింది అంకె మూడు నెలలు వరసగా పెరిగితే అది జాతీయ సూచీకి మంచి వార్త, ఆ ఇంటికి కాదు.

ఇన్ని లోపాలుంటే అసలు ఖర్చునెందుకు కొలవాలి, ఆదాయం అడిగితే పోదా అనిపిస్తుంది. దీనికి జవాబు హైదరాబాదుకు దక్షిణాన ఉన్న ఒక పల్లె చెప్పింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఆరేపల్లెతో పాటు మహారాష్ట్ర పల్లెల్లోనూ కొన్ని కుటుంబాలను ఎంచుకుని ఏళ్ల తరబడి వాళ్ల రాబడి, ఖర్చు రాసిపెట్టింది. ఊరికి నలభై ఇళ్లు, భూమి లేనివాళ్లు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు తలా పది. ఆ పద్దులనే పట్టుకుని అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆర్థికశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు దాన్ని. వానలతో పాటు రాబడి ఎగిరిపడుతున్నా ఇళ్ల తిండీతిప్పల ఖర్చు అంతగా ఊగిసలాడలేదని, సొంత రాబడికన్నా ఊరి సగటుతో కలిసి నడిచిందని ఆయన చూపించాడు. చేబదుళ్లు, ధాన్యం నిల్వలు, చుట్టాల సాయం ఆ ఊగిసలాటను మింగేశాయి. భూమి లేనివాళ్లకు మాత్రం ఆ రక్షణ తక్కువ. ఒక్క ఏడాది రాబడి చూసి ఇంటి స్థితి చెప్పలేం, ఖర్చు చూస్తే కొంత చెప్పొచ్చన్న నమ్మకానికి ఇలాంటి పద్దులే ఆధారం. ఆటో నడిపేవాళ్లు, యాప్ డెలివరీ చేసేవాళ్లు, సొంత షాపున్నవాళ్లు నెల రాబడి చూసి బెంగపడటం మాని పన్నెండు నెలల ఖర్చు సగటును దగ్గర పెట్టుకోవడం అందుకే మేలు. చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బుండాలో ఆ సగటే చెబుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పెద్ద సమస్య కాదు. ఏప్రిల్ అనువుగా ఉంటుంది, ఆర్థిక సంవత్సరంతో కలిసొస్తుంది. యూపీఐ వాడే ఇళ్లకు పని సగం అయిపోయినట్టే, చెల్లింపులన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. నగదు ఇచ్చే పాలవాడు, పనిమనిషి, కూరగాయల బండి మాత్రం చేత్తో రాసుకోవాలి. ఏడెనిమిది పద్దులకు మించి పెడితే రెండో నెలకే విసుగొస్తుంది. ప్రతి నెలా 12న దేశ ధరల సూచీ వెలువడుతుంది. ఆ రోజు తమ పద్దుల్లో పెద్దవి రెండు మూడింటిని దానితో పోల్చి చూసుకుంటే చాలు.

ఇక పాఠకులకు ఒక విన్నపం. సర్వేవాళ్లకు తలుపు తీయడానికి పూరిళ్లవాళ్లు వెనకాడరు. గేటు దగ్గర ఆగిపోయేది పెద్ద అపార్ట్‌మెంట్లలోనే. అసోసియేషన్ అనుమతి లేదని వాచ్‌మన్ వెనక్కి పంపేస్తాడు, లేదా ఇంటివాళ్లు తీరిక లేదంటారు. అలా తప్పుకున్న ప్రతి ఇంటితోనూ మధ్యతరగతి అద్దెలు, ఫీజులు, మందుల ఖర్చు దేశ సూచీలో అంత పలచబడతాయి. తర్వాత సూచీ తమ కష్టం చూపడం లేదని ఫిర్యాదు చేసేదీ వాళ్లే. వచ్చిన మనిషి గుర్తింపు కార్డు చూడండి. అనుమానముంటే గణాంక కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. ఇంటి వివరాలు విడిగా బయటపెట్టకూడదని 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం చెబుతోంది. మూడుసార్లు వస్తారు, మూడుసార్లూ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి.